మిరప తోట కింద డొంక

గుడిపాడు
7 జూలై 2024

అత్తయ్యకి బిందు రాసేది,

చీరాల గాలికి నీ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఫోన్ చేస్తే నీకు వినపడదు. మెసేజి పెడితే అక్షరాలు చీమల్లా ఉన్నాయంటావు. అందుకని నువ్వు కళ్లజోడు పెట్టుకోకపోయినా కనపడేంత లావుగా రాస్తున్నా. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపకు. రిటైరయ్యావు, గుర్తుంచుకో.

మన ఊళ్లో ప్రభుత్వం యువసభ పెట్టింది అత్తయ్యా. పద్దెనిమిది దాటి పాతిక దాటనివాళ్లంతా సభ్యులే. ఊరికి ఏం కావాలో మేమే కూర్చుని తేల్చుకుంటే, దానికి డబ్బు ప్రభుత్వం ఇస్తుంది. మండలం నుంచి నజ్మీన్ అని ఒక ఆఫీసరు వచ్చింది, నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. "పెద్దవాళ్లు వినొచ్చు, మధ్యలో మాట్లాడకూడదు" అని మైకులో చెప్పేసింది. ఆ మాటకి సర్పంచిగారి మొహం చూడాల్సింది. నన్ను కన్వీనర్‌గా ఎన్నుకున్నారు. నాన్న అద్దంకి వెళ్లి స్వీట్లు తెచ్చి వీధంతా పంచాడు. "ఊరి పెత్తనం నా కూతురి చేతికొచ్చింది" అని అందరికీ ఒకటే చెప్పడం. నాకు సిగ్గేసింది, లోపల సంతోషంగానూ ఉంది.

నిన్న మొదటి సభ జరిగింది. మగపిల్లలు జిమ్ము కావాలన్నారు. మేం బస్సు షెల్టర్ అన్నాం. చాలాసేపు అదే గోల. అప్పుడు కాలనీ నుంచి వచ్చిన ఇమ్మానియేలు లేచాడు. నాతోపాటు అద్దంకిలో డిగ్రీ చదివాడు, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"జిమ్ము కట్టుకోండి, షెల్టరూ కట్టుకోండి. ముందు మా శవాలకి దారి చూపించండి" అన్నాడు.

వాళ్ల శ్మశానం వాగు మలుపులో ఉంది కదా. అక్కడికి దారి లేదట. పొలాల్లోంచి పోదామంటే పంట ఉన్నన్నాళ్లూ ఎవరూ పోనివ్వరు. అందుకని వాగులో దిగి మోసుకుపోతారట. పోయిన ఏడు వాళ్ల తాతని నడుంలోతు నీళ్లలో తీసుకెళ్లారట. ఆ రోజు నేను ఊళ్లోనే ఉన్నా. డప్పు చప్పుడు విని, ఎవరో పోయారనుకుని, టీవీ సౌండు పెంచుకున్నా. ఇన్నేళ్లు ఈ ఊళ్లో పుట్టి పెరిగి, మనిషి పోతే ఎటు తీసుకెళతారో కూడా తెలీకుండా ఎలా ఉన్నానో నాకే అర్థం కావట్లేదు.

పూర్వం అక్కడికి ఒక డొంక ఉండేదని కొందరు పెద్దవాళ్లు అంటున్నారు, కాదని కొందరు. నీకేమైనా గుర్తుందా?

నీ మేనకోడలు
బిందు


చీరాల
18 జూలై 2024

బిందూ,

నీ ఉత్తరంలో మూడు తప్పులున్నాయి. దిద్దలేదు, ఉన్నాయని మాత్రం చెబుతున్నాను.

మోకాళ్లు అలాగే ఉన్నాయి. పక్కింటి మగ్గం పొద్దున్నే మొదలవుతుంది. చెవులకి వినపడదు గానీ నేలమీద పాదం పెడితే దాని దెబ్బ తెలుస్తుంది. ఈ మధ్య నాకు కాలక్షేపం అదే.

డొంక లేకపోవడమేమిటే! లేదన్నవాడెవడో నా ముందుకొచ్చి చెప్పమను. కాలనీ చివర మొదలై పొలాల మధ్యగా వాగు మలుపు దాకా పోయేది. రెండు బళ్లు ఎదురైతే పక్కకి తీసుకునేంత వెడల్పు. రెండు వైపులా తుమ్మలు. నేనూ నీ నాన్నా ఆ డొంకలో ఈతకాయలు ఏరుకున్నాం. వాడి కాల్లో తుమ్మముల్లు దిగితే నేనే పంటితో లాగాను. ఏడ్చి ఏడ్చి నా భుజం మీదే నిద్రపోయాడు వెధవ.

అది ప్రభుత్వ డొంక, ఎవడబ్బ సొమ్మూ కాదు. ఎవడో దున్ని తనలో కలిపేసుకుని ఉంటాడు. పై పొలాలవాళ్లు అయ్యుంటారు, వాళ్ల తాతకి కూడా గట్లు జరిపే అలవాటుండేది. సర్వే పెట్టించండి. ఎవడు తిన్నాడో వాడిచేతే కక్కించండి, ఎంతటివాడైనా సరే. రాజ్యం టీచరు ఈ మాట అన్నదని మీ సభలో చదువు. ఆ ఊళ్లో సగంమంది నా దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్లే.

మీ నాన్నకి నా ఆశీస్సులు. కూతుర్ని చూసి గర్వపడుతున్నాడంటే సంతోషం.

మీ అత్తయ్య
రాజ్యం


గుడిపాడు
11 ఆగస్టు 2024

అత్తయ్యా,

నీ ఉత్తరం సభలో చదివాను. "ఎవడు తిన్నాడో వాడిచేతే కక్కించండి" అన్న చోట చప్పట్లే చప్పట్లు. జిమ్ము అన్నవాళ్లు కూడా చేతులెత్తారు. డొంక బయటికి తీసి గ్రావెల్ రోడ్డు వెయ్యాలని తీర్మానం అయిపోయింది. నజ్మీన్ గారు ఒకటే షరతు చెప్పారు. దారి ఉన్న చోటు ఖాళీ అయ్యాకే డబ్బు విడుదలవుతుంది, మార్చిలోపు పని అయిపోవాలి, లేకపోతే డబ్బు వెనక్కి వెళ్లిపోతుంది. సర్వేకి అర్జీ పెట్టాం.

కానీ ఇంట్లో బాగోలేదు. నేను నీ ఉత్తరం చదువుతుంటే నాన్న పందిరి బయట నిలబడి విన్నాడు. సగంలోనే బండి తీసుకుని వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు. సభ అయ్యాక ఇమ్మానియేలు వాళ్లింట్లో అందరం టీ తాగాం, ఆ సంగతి ఎవరో మోసినట్టున్నారు. నాన్న అలాంటివాడు కాదనుకున్నా. అమ్మనడిగితే "అత్తయ్యకి ఎందుకు రాశావే?" అంది. అంతే, ఇంకేం చెప్పదు. టీ తాగడానికీ నీకు రాయడానికీ సంబంధం ఏమిటి?

బిందు


చీరాల
20 ఆగస్టు 2024

బిందూ,

ఈ కాలంలో కూడా ఎవరింట్లో టీ తాగారని లెక్కలా? వాడికి విడిగా ఉత్తరం రాసి నాలుగు వాయించాను. నువ్వు వెనక్కి తగ్గావంటే నేనూరుకోను. వాడి కోపం ఎంతసేపు, ఆకలేస్తే వాడే పలుకుతాడు.

సర్వే అయిన రోజే నాకు రాయి.

రాజ్యం


గుడిపాడు
2 సెప్టెంబరు 2024

అత్తయ్యా,

సర్వే అయింది. ఆ రోజే రాయమన్నావు. రాస్తున్నా.

ఊరంతా వచ్చారు. కాలనీ దగ్గర మొదలుపెట్టారు. చాలా దూరం డొంక ఉన్నట్టే ఉంది, కంపచెట్లు పెరిగి ఉన్నాయంతే. నువ్వు చెప్పిన పై పొలాలవాళ్లు ఒక్క జానెడు కూడా కలుపుకోలేదు. నడిచి నడిచి మన గట్టు దగ్గరికి వచ్చాం. అక్కడ డొంక ఆగిపోయింది. సర్వేయరు ఆగలేదు. గట్టు దాటి మొన్ననే నాటిన మిరప మొక్కల్లో అడుగుపెట్టాడు. ఒక జెండా, ఇంకో జెండా, అలా వాగు మలుపు దాకా సాళ్లకి అడ్డంగా పాతుకుంటూ పోయాడు.

అది నీ పొలం అత్తయ్యా. తాతయ్య నీకు పసుపు కుంకుమ కింద ఇచ్చింది.

అందరూ నా మొహం వైపే చూశారు. ఎవరో వెనకనుంచి "కక్కించండమ్మా ఇక" అని నవ్వారు. ఇమ్మానియేలు మాత్రం నవ్వలేదు, తల దించుకున్నాడు. అతను నవ్వినా బాగుండేది. ఇంటికి ఎలా వచ్చానో తెలీదు.

నాన్నని అడిగాను. "అందరిముందూ నీ పరువు పోయిందా, నాది పోయిందా?" అని అరిచాడు. గట్టిగా నిలదీస్తే అప్పుడు చెప్పాడు. "పొలం మీ అత్తది. ఆవిడ కలపమంటేనే కలిపాను. నేను కౌలు చేసేవాణ్ని, నాకేం హక్కుంది?" ఊళ్లో కూడా అదే చెప్పాడట.

నిజమేనా? నీకు తెలిసే అలా రాశావా? నాచేత అందరిముందూ చదివించావా?

బిందు


చీరాల
27 సెప్టెంబరు 2024

బిందూ,

జవాబు రాలేదని నీకేం అనిపించి ఉంటుందో తెలుసు. రెండుసార్లు రాసి చించేశాను. నా అక్షరాలు నాకే నచ్చలేదు.

నేను కలపమనలేదు. పెళ్లయి వచ్చాక ఆ పొలం గట్టు మీద కాలు పెట్టింది ఎప్పుడో, ఏ మూల ఎంత ఉందో కూడా నాకు తెలీదు. ఏటా మీ నాన్న మంచి మిరపకాయలు బస్తా కట్టి పంపితే పచ్చడి పట్టుకున్నాను, వీధిలో అందరికీ పంచాను. నా తమ్ముడు నన్ను అడ్డం పెట్టుకుంటాడని కలలో కూడా అనుకోలేదు. అంతకంటే నన్ను నిలువునా కోసింది ఇంకొకటుంది. "నీకు తెలిసే రాశావా" అని నువ్వు అడిగావు చూడు, అది. ఇంతకాలం నన్నెరిగి అడిగావు.

సరే. నువ్వు కోపంలో రాసింది నేనూ కోపంలోనే చదువుకున్నాను అనుకో.

ఆ చోటు వదిలేద్దాం. అందులో రెండోమాట లేదు. కానీ మొక్కలు నాటేశాడు, పెట్టుబడంతా అందులోనే ఉంది. నిండు తోటని ఇప్పుడు దున్నిస్తే వాడు ఊళ్లో తలెత్తుకోలేడు. ఎంతైనా నా భుజం మీద పెరిగినవాడు. ఫిబ్రవరిలో కోతలైపోతాయి, మీ గడువు మార్చి దాకా ఉంది. అప్పటిదాకా ఆగమని నేనడిగానని మీవాళ్లకి చెప్పు. ఇన్నేళ్లు ఆగారు, ఐదు నెలలు ఆగలేరా?

అత్తయ్య


వినుకొండ
9 డిసెంబరు 2024

అత్తయ్యా,

వినుకొండలో అమ్మమ్మ దగ్గరినుంచి రాస్తున్నా. ఇల్లు వదిలి వచ్చేశాను. ఎందుకో రాస్తా. మధ్యలో ఆపేస్తే మళ్లీ రాయలేను.

నువ్వు ఆగమన్న మాట సభలో చెప్పాను. కొందరు ఒప్పుకోలేదు. ఇమ్మానియేలే వాళ్లకి నచ్చజెప్పాడు. "టీచరుగారు పొలం ఇస్తానంటున్నారు, కాయ ఉన్న తోట తీయించి మనం బావుకునేదేముంది, ఆగుదాం" అన్నాడు. అందరం ఆగాం.

పోయిన వారం వాయుగుండం వచ్చింది కదా. ఆ వానలోనే ఇమ్మానియేలు నాయనమ్మ పోయింది. సువార్తమ్మ. మన తోటలో కలుపు తీయడానికి వచ్చేది, నీకు గుర్తుండే ఉంటుంది. రెండు రోజులు వాన తగ్గుతుందేమోనని చూశారు. తగ్గలేదు. శవాన్ని ఇంకా ఉంచలేక మూడోరోజు మధ్యాహ్నం బయల్దేరారు. సభలోవాళ్లం కొంతమందిమి వెళ్లాం. ఒకరి అంత్యక్రియలకి కాలనీ నుంచి నడిచివెళ్లడం నాకు అదే మొదటిసారి.

డొంకలో నడుచుకుంటూ మన గట్టు దాకా వచ్చారు. అక్కడ నాన్న గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. నీళ్లు తోటలోంచి బయటికి తీయిస్తున్నాడు. ఎవరూ ఆయన్ని అడగలేదు అత్తయ్యా. ఆయనా రండి అనలేదు. శవపెట్టె మోసేవాళ్లు ఒక్క క్షణం ఆగారు. తర్వాత అలవాటుగా ఎడమకి తిరిగి వాగులోకి దిగారు. నేను "నాన్నా" అన్నాను. వినపడిందో లేదో. ఇంకొక్కసారి గట్టిగా ఎందుకు పిలవలేదో నాకు తెలీదు.

ఛాతీలోతు నీళ్లు. ఎర్రగా సుడులు తిరుగుతున్నాయి. పెట్టె తలల మీదికి ఎత్తుకున్నారు. సగం దూరం పోయాక ముందున్న ప్రేమదాసు, అంటే ఇమ్మానియేలు వాళ్ల నాన్న, కాలు జారి మునిగిపోయాడు. ఆయన్ని పట్టుకోబోయి పక్కవాళ్లు చేతులు వదిలేశారు. పెట్టె నీళ్లలో పడింది. తేలింది. కొట్టుకుపోయింది.

ఒక మనిషిని పూడ్చడానికి తీసుకెళుతూ పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో నేను చూశాను. ఇమ్మానియేలు ఒడ్డువెంట పరిగెడుతూ "నాయనమ్మా, ఆగే, ఆగే" అని అరుస్తున్నాడు, బతికున్న మనిషిని పిలిచినట్టు. ఆడవాళ్లు ఏడవడం కూడా మర్చిపోయారు. పెట్టె దిగువన తుమ్మకంపకి తగులుకుని మూత ఊడిపోయింది. మిగతాది రాయను.

వెనక్కి తిరిగి చూస్తే నాన్న గట్టు మీద లేడు.

ఇంటికెళ్లి అడిగాను. "నన్నెవరైనా అడిగారా? అడిగితే కాదంటానా?" అన్నాడు. ఆ మాట విన్నాక ఆ ఇంట్లో అన్నం తినబుద్ధి కాలేదు. బట్టలు సర్దుకుని వచ్చేశా. సభకి రాజీనామా రాసి పంపాను. ఆగమన్నది నువ్వు. సరేనన్నది నేను. ఇంక నువ్వు నాకు రాయకపోయినా ఏమీ అనుకోను.

బిందు


గుడిపాడు
16 డిసెంబరు 2024

అమ్మా బిందూ,

పైన ఊరిపేరు మళ్లీ చదువుకో. తప్పు రాయలేదు. మీ ఇంట్లో, నీ మంచం మీద కూర్చుని రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన పూట నాకేం చెయ్యాలో తోచలేదు. తలుపు తెరిచిపెట్టి వీధిలో నిలబడిపోయానట, పక్కింటావిడ వచ్చి లోపల కూర్చోబెట్టింది. ఆగమన్నది నేనే. అది నిజం. మర్నాడు పొద్దున్నే అద్దంకి బస్సెక్కాను. అక్కణ్నుంచి ఆటో. ఇంటికి రాలేదు, తిన్నగా పొలానికే పోయాను.

జెండాలు ఇంకా ఉన్నాయి, రంగు వెలిసిపోయి. తోట నా నడుం ఎత్తున ఉంది, గుత్తులు గుత్తులు కాయ. చెప్పులు గట్టుమీద విడిచి మొదటి జెండా దగ్గర వంగి ఒక మొక్క పీకాను. తర్వాత ఇంకోటి. వానకి నేల నాని ఉంది కాబట్టి వేళ్లతో సహా వచ్చేస్తున్నాయి. ఎన్ని పీకానో చూసుకోలేదు.

ఎవరో కబురు చెప్పినట్టున్నారు, మీ నాన్న వచ్చాడు. వాడు అరుస్తున్నాడని వాడి మెడనరాలు చూసి తెలుసుకున్నాను. నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు చెవులు లేకపోవడం ఆ పూట మంచిదైంది. వాడు ఆపేదాకా చూసి, అప్పుడు అన్నాను.

"ఒరేయ్ నారాయణా, నేను చెబితేనే కలిపానన్నావట. నేనప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా, విను. తియ్."

వాడి పెదాలు చిన్నప్పట్నుంచీ చూస్తున్నదాన్ని, మాట అర్థమవుతుంది. "పంట అక్కా" అన్నాడు.

"పంట కాదని నేనన్నానా? ఎందుకన్నావురా నా పేరు?"

"నాన్న ఉండగానే సగం కలిసిపోయింది. మిగిలింది నేను దున్నాను. అందరూ చూస్తుంటే ఏం చెప్పాలో తెలీక నోటికొచ్చింది అనేశాను" అన్నాడు. గట్టు మీద కూలబడి మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. దగ్గరికి వెళ్లాలనిపించింది. వెళ్లలేదు. మళ్లీ వంగి మొక్కలు పీకాను.

కాసేపటికి నా పక్కన ఎవరో కూర్చున్నట్టయింది. చూస్తే మీ అమ్మ. చంకలో గోనెసంచి. నా చెయ్యి తట్టి, నాకర్థమయ్యేలా నెమ్మదిగా పెదాలు కదిపి, "కాయ కోసుకుని పీకుదాం వదినా, ఉత్తినే పారెయ్యకూడదు" అంది. నీకు ఒక్కమాటా చెప్పకుండా ఇన్నాళ్లు నలిగిపోయింది ఆవిడ. ఇద్దరం పొద్దుగూకేదాకా చేశాం. మర్నాడు మీ సభవాళ్లు వచ్చారు, పై పొలాలవాళ్ల పిల్లలు కూడా. వాళ్లని ఊరికే ఆడిపోసుకున్నానని ఆ పిల్లలతోనే చెప్పాను. మూడోరోజుకి జెండాల మధ్య ఎర్రమట్టి కనపడింది.

ఇమ్మానియేలు ఇంటికి వెళ్లాను. ప్రేమదాసు కుర్చీ వేసి నీళ్లిచ్చాడు. తాగాను. ఆగమన్నది నేనే అని మాత్రం చెప్పాను. ఆయన తల ఊపాడు, అంతే. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

నీ రాజీనామా వాళ్లు తీసుకోలేదట. నజ్మీన్ అనే ఆ అమ్మాయి వచ్చి చూసుకుని ఫొటోలు తీసుకుంది. నువ్వు వచ్చి సంతకం పెడితే గానీ పని మొదలవ్వదని చెప్పింది. వచ్చెయ్. మీ నాన్న కోసం కాదు, నా కోసమూ కాదు.

మీ అత్తయ్య


గుడిపాడు
23 ఫిబ్రవరి 2025

అత్తయ్యా,

చీరాల క్షేమంగా చేరావని పక్కింటివాళ్లు అమ్మకి ఫోన్ చేశారు. ఇక్కడ నువ్వు లేక నా మంచం వెడల్పయిపోయింది.

డబ్బు వచ్చింది. నిన్నటినుంచి పని మొదలైంది. ట్రాక్టర్లు గ్రావెల్ తోలుతున్నాయి. నాన్నా నేనూ అవసరమైన మాటలు మాట్లాడుకుంటున్నాం. అన్నం పెట్టు, మోటారు వెయ్యి, అంతవరకే. నిన్న ఉదయం పిలవకుండానే పొలం దగ్గరికి వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. పని జరుగుతుంటే చూస్తున్నాడు.

ఇక ఇవాళ సాయంత్రం సంగతి. డొంక చివర, వాగు మలుపు దగ్గర నేల చదును చేస్తున్నారు. జేసీబీ మన తోట అంచున ఒక్క గీత గీసి ఆగిపోయింది. డ్రైవరు దిగి చేతులు ఊపాడు. అందరం పరిగెత్తాం.

ఎముకలు అత్తయ్యా. పక్కనే తుప్పు పట్టిన చిన్న ఇనప సిలువ. దాని చుట్టూ మన మిరప వేళ్లు అల్లుకుని ఉన్నాయి.

నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయా. కలిసిపోయింది దారి ఒక్కటే కాదు. శ్మశానం అంచు కూడా తోటలో కలిసిపోయింది. ఏ కాగితంలోనూ ఆ చోటు శ్మశానమని లేదట, అందుకే సర్వేలో రాలేదు. వాళ్లకి దారే లేనప్పుడు ఏ సమాధి ఎక్కడుందో వచ్చి చూసుకునేదెవరు? ప్రతి ఏడూ ఇక్కడ నారు పోశాం, నాటాం, కోశాం. కాలనీవాళ్లే వచ్చి కోశారు. వాళ్లవాళ్ల మీద నిలబడి.

నాన్న వచ్చి చూశాడు. "నాకు తెలీదు" అన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు, అయినా ఇంకోసారి అన్నాడు, "ఒట్టు, నాకు తెలీదురా." ఆ మాట నిజమేనని నేను నమ్ముతున్నా. భుజం మీది కండువా తీసి ఆ ఎముకల మీద కప్పాడు. అది సరిగ్గా పరుచుకోలేదు. ఇమ్మానియేలు ఒంగి రెండో కొస సర్దాడు.

"ఎవరిదిరా ఇది?" అన్నాడు నాన్న.

"తెలీదండీ. ఎవరైనా మావాళ్లే" అన్నాడు ఇమ్మానియేలు.

పాస్టరుగారికి కబురు పంపారు. ఆయన వచ్చేలోపు నాన్న చేసిన పని రాస్తా. జెండా కర్ర ఊడబెరికి, కోత కూడా అవ్వని మన తోటలోకి నడిచాడు. సాలు తర్వాత సాలు దాటుకుంటూ చాలా లోపలికి పోయి అక్కడ పాతాడు. నేను వెనకాలే వెళ్లాను.

"నాన్నా, ఇదంతా మనదేనని సర్వే చెప్పింది కదా" అన్నాను.

నెలల తర్వాత నా మొహంలోకి చూశాడు.

"సర్వేకేం తెలుసమ్మా" అన్నాడు.

బిందు